రిమోట్ కాల్స్‌ని టెస్టుల్లో ఎక్కడ కోయాలి: మాక్ క్లయింటా, ఫేక్ సర్వరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆర్డర్ సర్వీస్ మీది. అది జీఆర్‌పీసీ మీద (నెట్‌వర్క్ అవతల ఉన్న ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్‌ని పిలిచే ఆర్‌పీసీ పద్ధతుల్లో ఒకటి) పేమెంట్ సర్వీస్‌నీ స్టాక్ సర్వీస్‌నీ పిలుస్తుంది. యూనిట్ టెస్టుల్లో జనరేట్ అయిన క్లయింట్‌నే (ఆ కాల్స్ పంపే కోడ్‌ని) మాక్ చేశారు, అంటే దాని బదులు చెప్పిన జవాబు ఇచ్చే డమ్మీ పెట్టారు, టెస్టులన్నీ పాస్ అవుతున్నాయి. స్టేజింగ్‌కి (విడుదలకి ముందు పరీక్షించి చూసే చోటికి) వెళ్లేసరికి ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు కట్ అయింది. దాంతో టీమ్‌లో కొందరు మాక్‌లు తీసేసి అసలు సర్వీసులనే డాకర్‌లో (సర్వీసులని విడివిడి కంటెయినర్లలో నడిపే టూల్) లేపి టెస్ట్ చేద్దామన్నారు. అలా చేస్తే బిల్డ్ బాగా నెమ్మదించింది, పైగా అదే టెస్ట్ ఒకసారి పాసై మరోసారి ఫెయిలవుతోంది. ఈ రెండిట్లో ఏది సరైన దారి, కాల్ ఎన్నిసార్లు జరిగిందో టెస్టులో లెక్కపెట్టాలా వద్దా అని అడిగారు.

ఈ రెండూ కాకుండా మధ్యలో ఒక దారి ఉంది. మీ టెస్టుల్లో ఎక్కువ భాగం దాని మీదే నడవాలని నా గట్టి అభిప్రాయం: క్లయింట్ అసలుదే ఉంచండి, అవతలి సర్వర్‌ని మాత్రం ఫేక్ చేయండి. ఆ ఫేక్‌కి సరిగ్గా జవాబు చెప్పడంతో పాటు, అసలు సర్వర్ ఎన్ని రకాలుగా ఫెయిలవుతుందో అన్ని రకాలుగానూ ఫెయిలవడం రావాలి. ఈ రెండో సంగతిని చాలామంది వదిలేస్తారు. మీ డబుల్ పేమెంట్ దొరక్కుండా పోయింది కూడా అక్కడే అనుకుంటున్నాను.

పేర్ల దగ్గర గందరగోళం రాకుండా ఒక మాట. ఆర్‌పీసీలో ప్రోటో ఫైల్ (సర్వీస్ మెథడ్‌లనీ మెసేజ్‌లనీ వివరించే ఫైల్) నుంచి జనరేట్ అయ్యే క్లయింట్ కోడ్‌ని స్టబ్ అంటారు, టెస్టింగ్ వాళ్లు ముందే రాసిపెట్టిన జవాబు ఇచ్చే డమ్మీని స్టబ్ అంటారు. ఇక్కడ నేను మొదటిదాన్ని క్లయింట్ అనీ రెండోదాన్ని ఫేక్ అనీ అంటాను.

ముందు ఒక కాల్ దారి చూడండి. మీ బిజినెస్ కోడ్ ఒక ఫంక్షన్ పిలుస్తుంది. అది రిక్వెస్ట్ మెసేజ్ కట్టి, డెడ్‌లైన్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) పెట్టి క్లయింట్‌కి ఇస్తుంది. తర్వాత ఇంటర్‌సెప్టర్లు, అంటే ప్రతి కాల్‌నీ దారిలో పట్టుకుని ఏదో ఒకటి చేసే కోడ్ ముక్కలు, వస్తాయి: ఒకటి టోకెన్ తగిలిస్తుంది, ఒకటి ట్రేస్ ఐడీ తగిలిస్తుంది. ఆపైన ఛానెల్‌లో (సర్వర్‌తో ఉన్న కనెక్షన్) రీట్రై పాలసీ (ఫెయిలైన కాల్‌ని మళ్లీ పంపే నియమం), మెసేజ్ ప్రోటోబఫ్ (జీఆర్‌పీసీ మెసేజ్ ఫార్మాట్) బైట్లుగా మారడం, హెచ్‌టీటీపీ 2 ఫ్రేములు, నెట్‌వర్క్. జవాబు వెనక్కొచ్చేటప్పుడు ట్రైలర్లలో (జవాబు చివర వచ్చే అదనపు వివరాలు) స్టేటస్, అంటే పని అయిందా, ఏ ఎర్రర్ వచ్చిందా అని చెప్పే కోడ్, వస్తుంది, దాన్ని క్లయింట్ మీ భాషలోని ఎర్రర్‌గా మారుస్తుంది. మీరు జనరేటెడ్ క్లయింట్‌ని మాక్ చేసినప్పుడు డెడ్‌లైన్ దగ్గర నుంచి స్టేటస్ దాకా ఇదంతా టెస్ట్ బయటే ఉండిపోతుంది. రిమోట్ కాల్స్‌లో నేను చూసిన బగ్‌లలో ఎక్కువ ఉండేది ఆ భాగంలోనే.

జీఆర్‌పీసీ జావా ప్రాజెక్ట్ ఉదాహరణల పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది: క్లయింట్‌ని మాక్ చేస్తే అంతా బాగున్నట్టు భ్రమ కలుగుతుంది, నిజంలో జరగని సంగతులు టెస్టులో పాసైపోతాయి, దానికి బదులు ఇన్‌ప్రాసెస్ ట్రాన్స్‌పోర్ట్ (నెట్‌వర్క్ లేకుండా ఒకే ప్రోగ్రామ్ లోపల క్లయింట్‌నీ సర్వర్‌నీ కలిపే మార్గం) వాడండి అని. నిజంలో జరగనివంటే ఏమిటో చిన్న ఉదాహరణ: మాక్‌కి జవాబు సెట్ చేయడం మరిచిపోతే అది నల్ (ఏమీ లేదన్న విలువ) ఇస్తుంది. అసలు జీఆర్‌పీసీ కాల్ ఎప్పుడూ నల్ ఇవ్వదు, మెసేజ్ ఇస్తుంది లేదా స్టేటస్ ఎర్రర్ ఇస్తుంది. ఆ నల్ కోసం కోడ్‌లో ఇఫ్ కండిషన్ రాసి, దానికో టెస్టు కూడా రాసిన ప్రాజెక్టులున్నాయి. ఎప్పటికీ రాని పరిస్థితికి కాపలా కాస్తూ, రోజూ వచ్చే పరిస్థితిని గాలికొదిలేయడం బాధగా ఉంటుంది.

ఇక ఫేక్ సర్వర్ ఎలా లేపాలన్నది భాషని బట్టి మారుతుంది. జావాలో ఇన్‌ప్రాసెస్ సర్వర్ బిల్డర్, ఇన్‌ప్రాసెస్ ఛానెల్ బిల్డర్ అని జంట ఉంది. పోర్టు అక్కర్లేదు, ఒక పేరు చాలు, ప్రతి టెస్టుకీ కొత్త పేరు జనరేట్ చేసుకుంటే పక్క టెస్టుతో గొడవ ఉండదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఇన్‌ప్రాసెస్‌లో మెసేజ్ నిజంగా బైట్లుగా మారకుండా ఆబ్జెక్ట్‌గానే అవతలికి చేరవచ్చు. సీరియలైజేషన్ గురించి, మెసేజ్ సైజు గురించి పరీక్షించాలంటే లోకల్ పోర్టు మీద అసలు సర్వర్ లేపాలి. గోలో బఫ్‌కాన్ అనే ప్యాకేజీ ఉంది. అది మెమరీలోనే కనెక్షన్ ఇస్తుంది కానీ దాని మీద నడిచేది అసలు హెచ్‌టీటీపీ 2, అసలు సీరియలైజేషన్. అందుకే నాకు అది బాగా ఇష్టం. కొత్త న్యూక్లయింట్ ఫంక్షన్ వాడుతుంటే అడ్రస్ ముందు పాస్‌త్రూ స్కీమ్ పెట్టాలి, లేకపోతే అది ఆ డమ్మీ పేరుని డీఎన్‌ఎస్‌లో వెతకబోతుంది. ఈ చిన్నదానికే చాలామంది పూట పోగొట్టుకుంటారు. పైథాన్, నోడ్ వాళ్లయితే లోకల్‌హోస్ట్ మీద పోర్టు 0 ఇచ్చి సర్వర్ లేపండి. ఖాళీగా ఉన్న పోర్టుని ఆపరేటింగ్ సిస్టమే ఎంచి ఇస్తుంది, ఆ నంబరు తీసుకుని క్లయింట్‌కి ఇవ్వండి. పోర్టు నంబరు కోడ్‌లో రాసిపెట్టుకోవడం మాత్రం వద్దు. టెస్టులు పక్కపక్కన నడిచిన రోజున కొట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. మామూలు ఫంక్షన్ కాల్‌కి రెండే ఫలితాలు: పని అయింది, లేదా ఎర్రర్ వచ్చింది. రిమోట్ కాల్‌కి మూడోది ఉంది: పని అయిందో లేదో తెలియదు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1984లో బిరెల్, నెల్సన్ ఆర్‌పీసీ మీద రాసిన పేపర్‌లోనే స్పష్టంగా ఉంది: కాల్ తిరిగొస్తే అవతల ప్రొసీజర్ సరిగ్గా ఒకసారి నడిచినట్టు, ఎక్సెప్షన్ వస్తే అది ఒకసారి నడిచి ఉండొచ్చు, అసలు నడవకపోయి ఉండొచ్చు, ఏది జరిగిందో పిలిచినవాడికి తెలియదు. జీఆర్‌పీసీలో డెడ్‌లైన్ ఎక్సీడెడ్ అనే స్టేటస్, నంబరు 4, వివరణ చూసినా అదే మాట: స్థితిని మార్చే ఆపరేషన్ అయితే, అది విజయవంతంగా పూర్తయ్యాక కూడా ఈ ఎర్రర్ రావచ్చు. మాక్ క్లయింట్‌లో ఈ మూడో ఫలితాన్ని రాయడానికి చోటే లేదు, ఎందుకంటే మాక్‌కి అవతలి వైపు అనేది లేదు.

మీ పేమెంట్ కాల్‌నే తీసుకుని దగ్గరగా చూద్దాం. మాక్‌తో రీట్రై టెస్ట్ సాధారణంగా ఇలా ఉంటుంది: మొదటి కాల్‌కి అన్‌అవైలబుల్, అంటే స్టేటస్ 14, ఇవ్వు, రెండో కాల్‌కి సక్సెస్ ఇవ్వు, కాల్ రెండుసార్లు జరిగిందని వెరిఫై చెయ్యి. పాస్. ఇప్పుడు కోడ్‌లో ఐడెంపొటెన్సీ కీ (ఇది అదే చెల్లింపు అని అవతలి సర్వర్ గుర్తుపట్టడానికి పంపే గుర్తు) ఎక్కడ తయారవుతోందో చూడండి. రీట్రై లూప్ లోపల కొత్త యూయూఐడీ (ప్రతిసారీ వేరుగా వచ్చే ఐడీ) పుడుతోంటే ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ వెళ్తుంది. అవతలి సర్వర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు చెల్లింపులు. మొదటి ప్రయత్నంలో డబ్బు కట్ అయి జవాబు మాత్రం దారిలో పోయి ఉంటే, రెండో ప్రయత్నంలో మళ్లీ కట్ అవుతుంది. మాక్ టెస్ట్ దీన్ని పట్టుకోలేకపోవడమే కాదు, రెండుసార్లు పిలిచినందుకు పాస్ మార్కు కూడా వేస్తుంది. మీ కోడ్ నేను చూడలేదు కాబట్టి ఇదే కారణమని ఖాయంగా చెప్పను, కానీ వెతకడం మొదలుపెట్టాల్సిన చోటు అదే.

అదే టెస్టుని ఫేక్ సర్వర్‌తో ఇలా రాస్తాను. ఫేక్ లోపల ఒక మ్యాప్ ఉంటుంది: కీ ఐడెంపొటెన్సీ కీ, విలువ వసూలైన మొత్తం. ఛార్జ్ కాల్ వస్తే ముందు రిక్వెస్ట్‌ని పరీక్షిస్తుంది. కరెన్సీ ఖాళీగా ఉన్నా, మొత్తం 0 అయినా ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్, స్టేటస్ 3, పంపుతుంది. ఆ కీ ఇంతకుముందే మ్యాప్‌లో ఉంటే పాత జవాబే తిరిగి ఇస్తుంది. లేకపోతే మ్యాప్‌లో రాసుకుని సక్సెస్ ఇస్తుంది. ఇది పాతిక ముప్పై లైన్ల కోడ్. దీనికి టెస్ట్ నుంచి మార్చగలిగే ఒక సెట్టింగ్ పెడతాను: "తర్వాతి ఛార్జ్‌లో పని పూర్తి చెయ్యి, కానీ జవాబుకి బదులు అన్‌అవైలబుల్ పంపు". టెస్ట్ ఆ సెట్టింగ్ ఆన్ చేసి, 500కి ఒక ఆర్డర్ పెట్టి, అంతా అయ్యాక మూడే చూస్తుంది: మ్యాప్‌లో ఒకే ఎంట్రీ ఉందా, మొత్తం 500 ఉందా, ఆర్డర్ స్థితి చెల్లింపు పూర్తి అని ఉందా. కీ లూప్ లోపల పుడుతుంటే మ్యాప్‌లో రెండు ఎంట్రీలు, మొత్తం 1000. టెస్ట్ అక్కడికక్కడే పడిపోతుంది.

కాల్స్ లెక్కపెట్టాలా అన్న మీ ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇలాంటి చోట్ల లెక్కపెట్టకండి. ఎన్నిసార్లు పిలిచారన్నది మీ కోడ్ అంతర్గత విషయం, అది రేపు మారొచ్చు. కస్టమర్ దగ్గర ఎంత కట్ అయిందన్నది మారకూడదు, కాబట్టి అసర్షన్ (టెస్ట్ సరిచూసే షరతు) దాని మీద పెట్టండి. లెక్క అవసరమయ్యేది ఒక చోట: రీట్రై చేయకూడనప్పుడు చేయలేదని చూపించడానికి. ఫెయిల్డ్ ప్రీకండిషన్, స్టేటస్ 9, వచ్చిందంటే సిస్టమ్ స్థితి సరిచేసేదాకా అదే కాల్ మళ్లీ పంపి లాభం లేదు. అక్కడ ఫేక్‌కి ఒక్క రిక్వెస్టే చేరిందని చూడటం సబబు. అన్‌అవైలబుల్ అయితే ఆ ఒక్క కాల్‌నే మళ్లీ ప్రయత్నించొచ్చు. అబార్టెడ్, అంటే 10, వస్తే కాల్ ఒక్కటే కాదు, చదివి-మార్చి-రాసే మొత్తం వరసని మళ్లీ మొదలుపెట్టాలి. ఈ మూడిటికీ మూడు టెస్టులు ఉంటే మీ ఎర్రర్ హ్యాండ్లింగ్ మీద నాకు నమ్మకం కుదురుతుంది. 0 నుంచి 16 దాకా ఉన్న 17 స్టేటస్‌లకీ టెస్టులు రాయనక్కర్లేదు. మీ కోడ్ వేర్వేరుగా ప్రవర్తించే గుంపు ఒక్కోదానికి ఒకటి రాస్తే సరిపోతుంది.

ఫేక్‌లో ఎర్రర్ పంపేటప్పుడు మామూలు ఎక్సెప్షన్ విసిరేసి ఊరుకోకండి. జావాలోనూ పైథాన్‌లోనూ సర్వర్ హ్యాండ్లర్ నుంచి పట్టుకోని ఎక్సెప్షన్ బయటికొస్తే అవతల క్లయింట్‌కి అది అన్‌నోన్, స్టేటస్ 2, గా కనిపిస్తుంది. టెస్ట్ "ఏదో ఒక ఎర్రర్ వచ్చింది, చాలు" అని చూస్తుంటే పాసైపోతుంది, కానీ మీరు పరీక్షించాలనుకున్నది అది కాదు. స్టేటస్ కోడ్ స్పష్టంగా పెట్టి పంపండి.

డెడ్‌లైన్ గురించి విడిగా చెప్పాలి. జీఆర్‌పీసీ తనంతట తాను డెడ్‌లైన్ పెట్టదు. మీరు పెట్టకపోతే క్లయింట్ ఎంతసేపైనా వేచి ఉంటుంది. అవతలి సర్వీస్ ఒకటి బిగుసుకుపోతే మీ థ్రెడ్లన్నీ దాని దగ్గరే నిలబడిపోతాయి. మాక్‌కి ఇది కనిపించదు. ఫేక్ సర్వర్‌కి కనిపిస్తుంది, ఎందుకంటే డెడ్‌లైన్ కాల్‌తో పాటు అవతలికి చేరుతుంది: గోలో కాంటెక్స్ట్‌ని అడిగితే, జావాలో ప్రస్తుత కాంటెక్స్ట్ నుంచి తీస్తే తెలిసిపోతుంది. నేను ప్రతి ఫేక్‌లోనూ "డెడ్‌లైన్ లేకుండా కాల్ వస్తే టెస్ట్ ఫెయిల్" అన్న నియమం పెడతాను. ఒక్కచోట రాస్తే ఆ ఫేక్ వాడే ప్రతి టెస్టుకీ ఆ కాపలా ఉచితంగా వస్తుంది.

డెడ్‌లైన్ దాటిపోయే పరిస్థితిని పరీక్షించేటప్పుడు స్లీప్ పెట్టకండి. మీ డాకర్ టెస్టులు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవడానికి నాకున్న మొదటి అనుమానం టైమింగ్ మీదే. ఫేక్‌లో రెండు సెకన్లు స్లీప్, క్లయింట్‌కి ఒక సెకను డెడ్‌లైన్ అని రాస్తే టెస్ట్ నెమ్మది. అలా కాదని రెండిట్నీ కుదించి దగ్గరగా తెస్తే, బిల్డ్ మెషీన్ మీద లోడ్ ఉన్న రోజున ఫలితం తారుమారవుతుంది. ఫేక్ హ్యాండ్లర్‌ని కాల్ క్యాన్సిల్ అయ్యేదాకా ఆగమనండి, క్లయింట్ డెడ్‌లైన్ 50 మిల్లీసెకన్లు పెట్టండి. అప్పుడు జవాబు ముందొస్తుందా డెడ్‌లైన్ ముందొస్తుందా అన్న పోటీయే ఉండదు. జావాలో ఒక మెలిక ఉంది: ఉదాహరణల్లో కనిపించే డైరెక్ట్ ఎగ్జిక్యూటర్ వాడితే సర్వర్ హ్యాండ్లర్ క్లయింట్ థ్రెడ్ మీదే నడుస్తుంది. హ్యాండ్లర్ ఆగితే క్లయింట్ కూడా ఆగిపోతుంది. ఇలా వేచి ఉండే టెస్టులకి మాత్రం విడిగా థ్రెడ్ పూల్ ఇవ్వండి. రీట్రైల మధ్య విరామం ఉంటే ఆ ఆగే ఫంక్షన్‌ని బయటి నుంచి అందించేలా కోడ్ మార్చుకోండి, టెస్టులో అది ఆగకుండా ఎంతసేపు ఆగమన్నారో మాత్రం రాసుకుంటుంది.

ప్రోటోబఫ్ డీఫాల్ట్‌లు ఇంకో ఉచ్చు. ప్రోటో 3లో నింపని స్ట్రింగ్ ఖాళీ స్ట్రింగ్‌గా, నింపని అంకె 0గా, నింపని ఈనమ్ (ముందే నిర్ణయించిన విలువల జాబితా నుంచి ఒకటి తీసుకునే ఫీల్డ్) 0 నంబరున్న విలువగా చదవబడుతుంది. ఆప్షనల్ అని రాయని మామూలు ఫీల్డ్‌లో, పంపినవాడు 0 అన్నాడా, ఏమీ అనలేదా అని అవతల తేడా తెలియదు. మాక్ అయితే రిక్వెస్ట్‌లో ఏముందో పట్టించుకోదు కాబట్టి కరెన్సీ నింపడం మరిచిపోయినా టెస్ట్ నవ్వుతూ పాసవుతుంది. పైన చెప్పిన ఫేక్ రిక్వెస్ట్‌ని పరీక్షించడం ఇందుకే. అసలు సర్వర్ తిరస్కరించేవాటిని ఫేక్ కూడా తిరస్కరించాలి. అసలుదానికంటే మెత్తగా ఉండే ఫేక్ వల్ల లాభం సగమే.

స్ట్రీమింగ్ కాల్స్ (ఒకే కాల్‌లో వరసగా చాలా మెసేజ్‌లు వచ్చేవి) ఉంటే ఒక టెస్ట్ తప్పనిసరి: మూడు మెసేజ్‌లు పంపి, ఆ తర్వాత అన్‌అవైలబుల్‌తో ముగించే ఫేక్. స్టేటస్ చివర్లో ట్రైలర్లలో వస్తుంది కాబట్టి కొంత డేటా చక్కగా వచ్చాక ఎర్రర్ రావడం మామూలే. వచ్చిన మూడిటితో స్టాక్ లిస్ట్ పూర్తయిందనుకునే కోడ్ నేను చాలాచోట్ల చూశాను. అలాగే, ఒక మెసేజ్ ఎంత పెద్దదాకా తీసుకోవాలన్నదానికి డీఫాల్ట్ పరిమితి 4 ఎంబీ. మీ స్టాక్ లిస్ట్ ఒకే మెసేజ్‌లో వస్తుంటే, లోకల్ పోర్టు మీద అంతకంటే పెద్ద జవాబుతో ఒక టెస్ట్ రాసిపెట్టుకోండి. అప్పుడు వచ్చేది రిసోర్స్ ఎగ్జాస్టెడ్, స్టేటస్ 8.

అన్ని టెస్టుల్లోనూ ఫేక్ సర్వర్ లేపాలా అంటే, అక్కర్లేదు. డిస్కౌంట్ లెక్క, ఆర్డర్ స్థితి మార్పుల్లాంటి టెస్టులకి జీఆర్‌పీసీ ఊసే వద్దు. పేమెంట్‌కి మీ సొంత చిన్న ఇంటర్‌ఫేస్ ఒకటి పెట్టుకోండి: వసూలు చెయ్యి, రీఫండ్ చెయ్యి, అంతే, మీ సొంత టైపులతో. బిజినెస్ టెస్టులు ఆ ఇంటర్‌ఫేస్‌ని చేత్తో రాసిన క్లాస్‌తో నింపుకుంటాయి. దాని వెనకున్న అడాప్టర్‌ని, అంటే ప్రోటో మెసేజ్‌లు కట్టి డెడ్‌లైన్ పెట్టి స్టేటస్‌ని మీ ఎర్రర్‌గా మార్చే పలుచటి పొరని, ఫేక్ సర్వర్ మీద పరీక్షించండి. ఆ ఇంటర్‌ఫేస్‌లోనూ "తెలియదు" అన్న మూడో ఫలితం విడిగా ఉండాలి. దాన్ని అక్కడే ఫెయిల్యూర్‌లో కలిపేస్తే పై కోడ్‌కి సరైన నిర్ణయం తీసుకునే అవకాశం ఉండదు.

ఫేక్ పాతబడిపోతుందన్న భయం న్యాయమైనదే. పేమెంట్ టీమ్ ఒక నియమం మార్చితే మీ ఫేక్‌కి ఆ కబురు అందదు. దీనికి నాకు నచ్చిన పరిష్కారం: ఫేక్‌ని సర్వీస్ సొంతదారులైన టీమే రాసి, ప్రోటో ఫైల్‌తో పాటే ఇవ్వడం. అవతల ఏం తిరస్కరిస్తారో వాళ్లకే బాగా తెలుసు. అలా కుదరకపోతే ఒక చిన్న టెస్టుల గుంపు రాసి, దాన్నే ఫేక్ మీదా స్టేజింగ్‌లోని అసలు సర్వీస్ మీదా నడపండి: ఖాళీ కరెన్సీ పంపితే 3 వస్తుందా, అదే కీ రెండోసారి పంపితే పాత జవాబే వస్తుందా. రెండూ వేర్వేరుగా చెప్పిన రోజున ఫేక్ సరిచేయాలని తెలుస్తుంది. ప్రతి కమిట్‌కీ అక్కర్లేదు, రోజుకోసారి నడిపితే చాలు. ప్రోటో ఫైల్‌లో పాత క్లయింట్లని పగలగొట్టే మార్పులేమైనా ఉన్నాయా అని చూడటానికి బఫ్ అనే టూల్ ఉంది, బిల్డ్‌లో పెట్టుకోండి. ఫేక్‌ని జనరేట్ అయిన సర్వర్ బేస్ క్లాస్ మీదే కట్టండి. మీరు రాయని మెథడ్‌ని ఎవరైనా పిలిస్తే అది దానంతటదే అన్‌ఇంప్లిమెంటెడ్, స్టేటస్ 12, ఇస్తుంది. కాబట్టి వాడే మెథడ్‌లు మాత్రమే రాసుకోవచ్చు.

డాకర్ టెస్టులని పూర్తిగా తీసేయమనను. సర్టిఫికెట్లు, లోడ్ బ్యాలెన్సర్, సర్వీస్ అడ్రస్ వెతుక్కోవడం, అసలు టోకెన్ చెల్లుతుందా లేదా, ఇవి ఫేక్ ఎప్పటికీ చూపించలేనివి. వీటి కోసం కొన్ని టెస్టులు ఉంచండి, అవి కూడా "ఆర్డర్ పెడితే చివరిదాకా వెళ్తుందా" అన్న స్థాయిలో. రీట్రై, డెడ్‌లైన్, ఎర్రర్ కోడ్‌ల టెస్టులన్నీ అక్కడి నుంచి తీసి ఫేక్ సర్వర్ దగ్గరికి మార్చేయండి. అసలు సర్వీస్‌ని సరిగ్గా పని పూర్తయి జవాబు పోయే క్షణంలో పడగొట్టడం డాకర్‌లో చాలా కష్టం, ఫేక్‌లో ఒక బూలియన్.

ఇప్పుడున్న మాక్‌లని ఒక్క ఊపున పీకేయకండి. ముందు పేమెంట్ ఛార్జ్ కాల్ ఒక్కదానికి ఫేక్ రాసి, "పని అయింది, జవాబు పోయింది" టెస్ట్ నడపండి. అది ఫెయిలైతే కీని లూప్ బయటికి, ఇంకా చెప్పాలంటే ఆర్డర్ తయారైన చోటికే తీసుకెళ్లి ఆర్డర్‌తో పాటు డేటాబేస్‌లో దాచండి. ప్రాసెస్ మధ్యలో పడిపోయి మళ్లీ లేచినా అదే కీ వెళ్లాలి. తర్వాత రీఫండ్, ఆపైన స్టాక్ రిజర్వేషన్. స్టాక్‌ని చదివే కాల్స్‌కి పాత మాక్‌లు ఇంకొన్నాళ్లు ఉన్నా కొంప మునగదు, వాటిని ముట్టుకున్నప్పుడల్లా ఒక్కోటీ మార్చుకుంటూ వెళ్లండి.